గోల్స్ వీరుడు గుర్రాల కొట్టంలో!

ఉద్యోగం కోసం వేరే దేశం వెళ్లారు. పట్టుమని నెల కూడా కాలేదు. ఇంతలో ఆ దేశానికీ మీ దేశానికీ యుద్ధం మొదలైంది. అప్పుడు మీ పరిస్థితేంటి? స్టీవ్ బ్లూమర్‌కి సరిగ్గా ఇదే జరిగింది.

బ్లూమర్ మామూలు ఆటగాడు కాదు. కమ్మరి కొలిమి దగ్గర సుత్తి పట్టుకున్న కుర్రాడు 1892లో డెర్బీ కౌంటీ జట్టులోకి వచ్చాడు. సన్నగా, పాలిపోయి ఉండేవాడు. చూస్తే ‘వీడేం ఆడతాడ్లే’ అనిపిస్తుంది. కానీ బంతి కాలికి తగిలిందా, గోల్‌కీపర్ కదిలేలోపే నెట్‌లో ఉండేది. ఇంగ్లండ్ తరఫున మొదటి పది మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టాడు. మొత్తం 23 మ్యాచ్‌ల్లో 28 గోల్స్! లీగ్‌లో 352. ఒక్క ఎఫ్ఏ కప్ మాత్రం దక్కలేదు. 1898, 1899ల్లో వరసగా ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు పాపం.

మరి అంత స్టార్ బాగా సంపాదించి ఉండాలి కదా? అక్కడే ఉంది తిరకాసు. ఆటగాడికి వారానికి 4 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదని 1901లో రూల్ పెట్టారు. రెండు గోల్స్ కొట్టినా, రెండొందలు కొట్టినా అంతే. 1906లో మిడిల్స్‌బరో అతన్ని కొనుక్కుంటే ఆ డబ్బు వెళ్లింది క్లబ్బుకి, ఆటగాడికి కాదు. అందుకే 1914లో, నలభై ఏళ్ల వయసులో బూట్లు విప్పాక కూడా పని వెతుక్కోక తప్పలేదు. బెర్లిన్‌లో కోచ్ ఉద్యోగం దొరికింది. జులైలో వెళ్లాడు. ఆగస్టు 4న బ్రిటన్, జర్మనీ మధ్య యుద్ధం.

జర్మనీలో ఉన్న బ్రిటిష్ మగవాళ్లని పోగుచేసి బెర్లిన్ పక్కన రూలెబెన్ అనే గుర్రప్పందాల మైదానంలో బంధించారు. పడక ఎక్కడనుకున్నారు? గుర్రాల కొట్టాల్లో! ఒక్క గుర్రం ఉండే చోట ఆరుగురు. చలి, ఆకలి, ఎప్పుడు వదుల్తారో తెలీదు. అయినా వీళ్లు ఊరుకోలేదు. అక్కడే ఫుట్‌బాల్ సంఘం పెట్టుకుని, లీగ్ నడిపారు. తోటి బందీల్లో మాజీ ప్రొఫెషనల్స్ ఇంకొందరున్నారు మరి. నలభై దాటిన బ్లూమర్ ఆడుతుంటే వందల మంది చుట్టూ నిలబడి చూసేవారు. జీతం లేకపోయినా ఆడాడు చూడండి, నాకైతే అదే అన్నిటికంటే పెద్ద మ్యాచ్.

1918లో గాని బయటపడలేదు. తర్వాత స్పెయిన్‌లో ఇరున్ అనే చిన్న ఊరి జట్టు రియల్ యూనియన్‌కి కోచ్ అయ్యాడు. 1924 కప్ ఫైనల్లో ఆ జట్టు రియల్ మాడ్రిడ్‌ని 1-0తో ఓడించింది! ఆటగాడిగా దొరకని కప్పు, కోచ్‌గా పరాయి దేశంలో దొరికిందన్నమాట.

చివరికి డెర్బీకే తిరిగొచ్చి, ఒకప్పుడు గోల్స్ కొట్టిన క్లబ్బులోనే గ్రౌండ్ పనులు చేశాడు. 1938లో కన్నుమూశాడు. డెర్బీ ఎఫ్ఏ కప్ గెలిచింది 1946లో. ఇప్పటికీ సొంత గ్రౌండ్‌లో ప్రతి మ్యాచ్ ముందు అభిమానులు ‘బ్లూమర్ చూస్తున్నాడు’ అని పాడుకుంటారు. ఆటగాళ్లు కూర్చునే బెంచీల పక్కనే అతని విగ్రహం ఉంది.