వద్దనే హక్కు సరే, కావాలనే హక్కో?

స్త్రీ శరీరం గురించి మనం పెట్టుకున్న సభలకు లెక్కలేదు. వరకట్న హత్యలు, గృహహింస, అత్యాచారం, అనవసరంగా తీసేసే గర్భసంచులు. ప్రతి సభలోనూ మన శరీరం దెబ్బలు తిన్న శరీరమే. అందులో అబద్ధం లేదు. కానీ ఆ శరీరానికి ఆనందం కూడా వొక హక్కని అనగానే మనలోనే కొందరికి ఇబ్బందిగా వుంటుంది. నలభై దాటాక టాంగో నేర్చుకుంటున్నానని చెప్పినప్పుడు వొక మిత్రురాలు సూటిగానే అడిగింది: "పరాయి మగవాణ్ణి కావలించుకుని, అతను నడిపినట్టల్లా నడవడమా? ఇన్నాళ్లూ నువ్వు రాసిందేమిటి మరి?" ప్రశ్న న్యాయమైనదే. కేథీ డేవిస్ అనే స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త ఈ ప్రశ్న మీదే 2015లో వొక వ్యాసం రాసింది. నా జవాబు ఇక్కడ చెబుతాను.

టాంగో 19వ శతాబ్దం చివర బ్యూనస్ ఎయిర్స్, మోంటెవిడియో నగరాల పేదవాడల్లో పుట్టింది. ఇటలీ, స్పెయిన్‌ల నుంచి బతుకుతెరువు కోసం ఓడలెక్కి వచ్చినవాళ్లు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి కలిసి బతికిన వాడలవి. 1914 జనాభా లెక్కల నాటికి బ్యూనస్ ఎయిర్స్‌లో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవాళ్లే. వలస వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. అక్కడి వేశ్యాగృహాలను 1875 నుంచి నగరపాలక సంస్థ లైసెన్సులిచ్చి మరీ నడవనిచ్చింది. తూర్పు యూరప్‌లోని పేద యూదు కుటుంబాల ఆడపిల్లల్ని పెళ్లి పేరుతో తెచ్చి అమ్మిన జ్వీ మిగ్దాల్ ముఠా, పైకి పరస్పర సహాయ సంఘంగా చలామణీ అయ్యింది. ఆ కూపంలోంచి బయటపడిన రాకేల్ లీబర్మన్ 1929 డిసెంబరు 31న ధైర్యంగా ఫిర్యాదు చేసింది. 1930లో నూరుమందికి పైగా ముఠా సభ్యుల మీద కేసు నడిచింది. పైకోర్టు చాలామందిని వదిలేసినా ముఠా మాత్రం కూలిపోయింది. టాంగో చరిత్ర చెప్పుకునేటప్పుడు తలుచుకోవలసిన పేరు ఆమెది.

1910 దశకంలో ప్యారిస్ సంపన్నులు మోజుపడ్డాకే బ్యూనస్ ఎయిర్స్ పెద్దమనుషుల ఇళ్లలోకి టాంగో అడుగుపెట్టగలిగింది. 2009లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. నాట్యానికి గౌరవం దక్కింది గానీ ఆ వాడల్లో మొదట ఆడిన స్త్రీలకు దక్కలేదు. ఈ కథ మనకు కొత్త కాదు. 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత మన కలావంతుల స్త్రీలు తమ కళకే దూరమయ్యారు. అదే కళ మధ్యతరగతి ఇళ్లలో సంప్రదాయమైంది.

హైదరాబాదులో రెండేళ్లు వారాంతపు తరగతులకు వెళ్లి నేర్చుకున్నాను. నిరుడు మూడు వారాలు బ్యూనస్ ఎయిర్స్‌లో గడిపాను. టాంగో ఆడే సభను మిలోంగా అంటారు. పాత పద్ధతి మిలోంగాల్లో స్త్రీలు వొకవైపు, పురుషులు వొకవైపు కూర్చుంటారు. ఎవరూ బల్ల దగ్గరికొచ్చి అడగరు. దూరం నుంచే చూపులు కలవాలి, అతను తల ఊపాలి, ఆమె కూడా ఊపాలి. దీన్ని కబెసేయో అంటారు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటే చాలు. కారణం చెప్పనక్కర్లేదు, నొచ్చుకున్నాడేమోనని సర్దిచెప్పనక్కర్లేదు. మూడు నాలుగు పాటల వరసకు వొక జోడీ. మధ్యలో వద్దనిపిస్తే "గ్రాసియాస్" అని ఆపెయ్యవచ్చు. మాటకు అర్థం ధన్యవాదాలనే, అక్కడ మాత్రం "ఇక చాలు" అని.

ఆడేటప్పుడు కూడా "అతను నడిపినట్టల్లా" నడవడం వుండదు. అతను తన ఛాతీ కదలికతో వొక అడుగు సూచిస్తాడు. ఆమె తన బరువు మార్చుకుని ఆ అడుగు పూర్తి చేసేదాకా ఆగాలి.

వద్దనడం నాకు వచ్చు. ఇరవై ఏళ్లుగా శిక్షణా శిబిరాల్లో తోటి స్త్రీలకు అదే చెబుతున్నాను. నాకు కష్టమైంది రెండోది. తల దించుకుని నడవమని పెంచిన శరీరం నాది. తల ఎత్తి వొక మనిషి కళ్లలోకి చూసి, నీతో ఆడాలని వుందని చూపుతో చెప్పడానికి నాకు మూడు రాత్రులు పట్టింది.

2013లో సవరించిన మన అత్యాచార చట్టం అంగీకారమంటే ఏమిటో నిర్వచించింది. మాటతో గానీ సైగతో గానీ స్త్రీ స్వచ్ఛందంగా, స్పష్టంగా తెలిపేదే అంగీకారం. ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడం చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లోవున్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నిర్వచనం వుంది. కానీ భార్యకు 18 ఏళ్లు నిండితే భర్త చేసింది అత్యాచారం కాదనే మినహాయింపు కూడా అక్కడే వుంది. మూడు పాటల నాట్యానికి కావలసిన అంగీకారం ముప్పై ఏళ్ల కాపురానికి అక్కర్లేదట!

అలాగని మిలోంగా స్త్రీల స్వర్గమేమీ కాదు. వయసు మళ్లిన స్త్రీలు రాత్రంతా ఎవరి చూపూ తగలక కూర్చోవడం చూశాను. 2002లో పెసో విలువ పడిపోయాక డాలర్లున్న విదేశీయులు టాంగో కోసం బాగా పెరిగారు. గంటకింతని తీసుకుని వాళ్లతో ఆడే జోడీలూ దొరుకుతారు. తృతీయ ప్రపంచపు ఆవేశాన్ని కూడా సరుకుగా మార్చి ఎగుమతి చేయిస్తారని అర్జెంటీనా పరిశోధకురాలు మార్తా సవిల్యానో 1995లోనే పుస్తకం రాసింది. జీతం వస్తుంది కాబట్టి నేను విమానం టికెట్టు కొనగలిగాను. ఆ సంగతి దాచి ఆనందం గురించి మాట్లాడటం కుదరదు.

నియమం దానంతటదే రక్షణ ఇవ్వదని అక్కడి స్త్రీలకూ తెలుసు. సాన్ తెల్మో పేటలో మరియానా దొకాంపో మొదలుపెట్టిన క్వీర్ టాంగోలో ఎవరు నడిపించాలో ఆడా మగా అన్నది నిర్ణయించదు. 2007లో వాళ్లు అంతర్జాతీయ ఉత్సవం కూడా జరిపారు. 2015 జూన్ 3న స్త్రీహత్యలకు వ్యతిరేకంగా "ఇక వొక్కరు కూడా తగ్గకూడదు" అనే నినాదంతో లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. ఆ ఉద్యమ ప్రభావంతో టాంగో స్త్రీలు సంఘంగా ఏర్పడి, మిలోంగాల్లో వేధింపులు జరిగితే ఏం చెయ్యాలో నియమావళి రాసుకున్నారు.

మనం బతుకమ్మ ఆడతాం, కోలాటం వేస్తాం. మైకు అందుకోగానే ఆపేసి "ఇక అసలు విషయానికి వద్దాం" అంటాం. ఆ ఆట అసలు విషయం ఎందుకు కాదు? మన శిబిరాల్లో "ఎలా వద్దంటారు?" అనే పాఠం వుంది, వుండాలి కూడా. దాని పక్కనే "మీకేం కావాలి?" అని అడిగే పూట కూడా పెట్టాలి. పొదుపు సంఘం స్త్రీల దగ్గర, ఇళ్లల్లో పనిచేసే స్త్రీల దగ్గర, కార్యకర్తలమైన మన దగ్గర కూడా. మొదట చాలాసేపు ఎవరూ మాట్లాడకపోవచ్చు. ఆ మౌనం మీద పనిచెయ్యడం కూడా హక్కుల పనే. దీనిమీద పాఠకులు, ముఖ్యంగా విభేదించేవాళ్లు, రాస్తారని ఆశిస్తున్నాను.