రిజిస్టరులో నిండు వేతనం – చేతిలో కోత

9 రూపాయల 25 పైసలు. 1982లో ఢిల్లీ నిర్మాణ కార్మికునికి చట్టరీత్యా చెల్లించవలసిన దినసరి కనీస వేతనమది. ఏషియాడ్ క్రీడలకై స్టేడియములు, ఫ్లైఓవర్లు నిర్మించిన కార్మికులకు ఆ మొత్తం పూర్తిగా దక్కలేదు. కాంట్రాక్టర్లు వేతనాన్ని జమాదార్ల చేతికిచ్చేవారు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒరిస్సా రాష్ట్రాల నుండి కూలీలను సమకూర్చిన ఆ జమాదార్లు తలకొక రూపాయి చొప్పున కమీషను మినహాయించుకొనేవారు. స్త్రీలకు ముట్టినది 7 రూపాయలే.

ఈ అన్యాయాన్ని పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ సంస్థ ఒక ఉత్తరం ద్వారా జస్టిస్ పి.ఎన్. భగవతి దృష్టికి తెచ్చినది. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషనుగా స్వీకరించినది. ఒక ఉత్తరానికి ఎంతటి శక్తి వుండగలదో తపాలా సోదరులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

1982 సెప్టెంబరు 18న వెలువడిన తీర్పు శ్రామికవర్గం కంఠస్థం చేయదగినది. కనీస వేతనం కంటె తక్కువకు చేయించుకొనే పని, కార్మికుడు ఆకలికి లొంగి అంగీకరించినదైనా సరే, రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయే అని కోర్టు ప్రకటించినది. పని కాంట్రాక్టరుకు అప్పగించినంత మాత్రాన కేంద్ర ప్రభుత్వం, ఢిల్లీ పాలనా యంత్రాంగం, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ తమ బాధ్యత నుండి తప్పించుకొనజాలవని నిర్ణయించినది. స్వల్ప జరిమానాలతో యజమానులను విడిచిపెట్టే మేజిస్ట్రేట్లనూ మందలించినది. చట్టాన్ని పాటించుటకంటె ఉల్లంఘించుటే చౌక అయినపుడు ఏ యజమాని పాటించును?

కాని తీర్పులు వాటంతటవే అమలు కావు. 2010 కామన్‌వెల్త్ క్రీడల నిర్మాణ స్థలాలలో కనీస వేతనం అందడం లేదని ఢిల్లీ హైకోర్టు నియమించిన సంఘమే తేల్చినది. 2019 డిసెంబరు 8న అనాజ్ మండీ అగ్నిప్రమాదంలో 43 మంది, 2022 మే 13న ముండ్కాలో 27 మంది బలి అయ్యారు. ముండ్కా భవనానికి అగ్నిమాపక అనుమతి లేదు. మృతులలో అత్యధికులు స్త్రీలు.

2025 నవంబరు 21 నుండి లేబర్ కోడ్లు అమలులోకి వచ్చినవి. కాంట్రాక్టు కార్మికుల చట్టానికి ఇదివరకున్న 20 మంది పరిమితి 50కి పెరిగినది. ఇన్‌స్పెక్టరు ఇప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్. వేతనాల కోడు క్రింద తొలిసారి తప్పు చేసిన యజమానిపై కేసు పెట్టుటకు ముందు సరిదిద్దుకొనే అవకాశమివ్వాలి. చిన్న పరిశ్రమలు బ్రతకాలంటే ఈ సడలింపు అవసరమని యాజమాన్యాలు వాదిస్తున్నవి. ఏషియాడ్ ఉదంతమే వారికి సమాధానం. అక్కడ కాంట్రాక్టరు 9-25 ఇస్తూనే వున్నాడు. కోత వల్ల బ్రతికినది పరిశ్రమ కాదు, దళారి.

అందుకే మేము అంటున్నాము: రిజిస్టరును చూచి తృప్తిపడరాదు, కార్మికుని అరచేతిని చూడాలి. ఇక్కడ ఆత్మవిమర్శ కూడ అవసరం. మన ప్లాట్‌ఫారములను, బోగీలను శుభ్రపరచే కాంట్రాక్టు కార్మికులను మనం నిత్యం చూస్తున్నాము. వారికి నెలకు ఎంత ముడుతున్నదని మనలో ఎందరము అడిగినాము? 1974 మే రైల్వే సమ్మె కోర్కెలలో క్యాజువల్ కార్మికులను పర్మినెంటు చేయాలన్నది కూడ ఒకటి. ఆ సంప్రదాయానికి వారసులమని చెప్పుకొనే హక్కు మనకు ఊరకనే రాదు.

కాంట్రాక్టరు ఎగవేసిన వేతనాన్ని ప్రధాన యజమాని చెల్లించి తీరాలన్న సూత్రం 1970 చట్టంలో వుండినది. కొత్త కోడులోనూ నిలిచినది. రైల్వేలలో ఆ ప్రధాన యజమాని మన యాజమాన్యమే. ప్రతి బ్రాంచీ తన పరిధిలోని కాంట్రాక్టు కార్మికులను ఒక్కొక్కరిని కలిసి, చేతికందిన మొత్తాన్ని తేదీతో సహా వ్రాసుకొని, కొరత కనిపించినచోట కేంద్ర లేబర్ కమీషనర్ కార్యాలయానికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలని పిలుపునిస్తున్నాము. నాడు ఒక ఉత్తరం సుప్రీంకోర్టును కదిలించినది. నేడు మన బ్రాంచీలు ఉత్తరాలు వ్రాయాలి.