అక్షరానికి రెండు తాళాలు

పత్రికాస్వేచ్ఛ ఎక్కడిదంటే మన పిల్లలు రాజ్యాంగం 19వ అధికరణం అని చెబుతారు. నిజమే. కానీ దాని వెనక జైళ్లున్నాయి. తెలుగునాట ఆ జైలు కథ మన గుంటూరుకి కృష్ణ అవతల, బెజవాడలో మొదలైంది.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు పంతులు కావలసిన మనిషి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు వందేమాతరం అన్నందుకు ట్రైనింగు కాలేజీ నుంచి గెంటేశారు. ఆయన బెజవాడలో 'స్వరాజ్య' వారపత్రిక నడిపారు. 1908లో తిరునెల్వేలిలో పోలీసులు జనాన్ని కాల్చితే, ఆ పత్రిక సర్కారుని కడిగేసింది. పీనల్ కోడు 124-ఎ కింద రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు ఆరు నెలలు వేసింది. సర్కారుకి చాల్లేదు. పైకోర్టుకి పోయి మూడేళ్లు చేయించింది!

గుంటూరు బారిష్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూచుని మాల కుటుంబం కథ రాస్తే, ఆ 'మాలపల్లి'నీ సర్కారు నిషేధించింది.

ఇది తెల్లదొర వేసిన తాళం. దీన్ని చరిత్ర పుస్తకాల్లో చెబుతారు. రెండోది ఊరు వేసిన తాళం. దానికి సెక్షన్ లేదు, నోటీసు లేదు, అప్పీలు లేదు. బడి గడప తొక్కనివ్వకపోతే ఇక పత్రికని నిషేధించే పనేముంది?

అదే 1908లో రాజద్రోహం కింద తిలక్‌కి ఆరేళ్లు పడింది. ఆయన పెట్టిన 'కేసరి' 1920లో ఏం చేసింది? అంబేడ్కర్ 'మూక్‌నాయక్' వస్తోందని ప్రకటన వెయ్యమంటే, డబ్బిస్తామన్నా వెయ్యలేదు. స్వేచ్ఛ కోసం జైలుకెళ్లిన పత్రిక మన గొంతుకి గజం జాగా ఇవ్వలేదు. హరిసర్వోత్తమరావు త్యాగం, తిలక్ త్యాగం చిన్నవని కాదు. ఆ త్యాగం మన వాడ దాకా రాలేదంటున్నాం. అందుకే 1931లో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 'భాగ్యనగర్' పెట్టుకోవలసి వచ్చింది. అదీ పక్షపత్రికే.

మరి ఇప్పుడు? 124-ఎ ని 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆపింది. 2024 జూలై నుంచి కొత్త న్యాయసంహితలో 152వ సెక్షన్ వచ్చి కూచుంది. రాజద్రోహం అన్న మాట పోయింది, జైలు పోలేదు. ఊరి తాళమూ పోలేదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో నెత్తురు పారాకే పేపర్లకెక్కాయి. అంతకుముందు ఏళ్ల తరబడి పడ్డ అవమానం ఎవరికీ వార్త కాలేదు.

అన్నలారా, అక్కలారా! మిరపకోతకి కూలి ఎంతిస్తున్నారు, పత్తితీతలో తూకం ఎక్కడ కోస్తున్నారు, శ్మశానం దారి ఎవరు దున్నుకున్నారు - రాయండి. తప్పుల్లేకుండా రాయనక్కర్లేదు, అబద్ధం లేకుండా రాయండి. రెండో తాళం మన చేత్తోనే ఊడాలి.