పలక చాలునా?

బిడ్డ చదువునకై యంత్రము కొనదలచిన తలిదండ్రులను నేడు వేధించు ప్రశ్న యొకటి కలదు. టాబ్లెట్టు చాలునా, కంప్యూటరే వలయునా? రెండును కొను శక్తి యెల్లరకును లేదు. తుర్కయాంజాల్ వంటి యూళ్లలో నెలజీతముపైనను చిన్న వ్యాపారముపైనను జీవించు కుటుంబములకు ఇది వినోదపు ప్రశ్న గాదు. ఇంటి వ్యయమునకును బిడ్డల భవిష్యత్తునకును చెందినది.

2010వ సంవత్సరమున ఐప్యాడు వెలువడినప్పుడు, ఇక కంప్యూటర్ల కాలము తీరినదని పలువురు తలచిరి. 2011 అక్టోబరులో భారత ప్రభుత్వమువారు విద్యార్థులకై ‘ఆకాశ్’ అను చౌక టాబ్లెట్టును వెలువరించిరి. దానిని మన హైదరాబాదులోనే కూర్చిరి. ఆశయము గొప్పదే గాని, దాని మెమొరీ 256 మెగాబైట్లు మాత్రమే. నేటి టాబ్లెట్లకు ఆ కొరత లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన టాబ్లెట్లను పంచిపెట్టిరి. కావున యంత్రమునకు శక్తి గలదా యనుట నేటి ప్రశ్న గాదు; దానితో మనము చేయు పని యెట్టిదనునదే ప్రశ్న.

చదువుటకును, వినుటకును, చూచుటకును టాబ్లెట్టు మేలైన సాధనము. కరెంటు పోయినను కొన్ని గంటలు పనిచేయును. దూరదేశమునందున్న కుమారుని ముఖము చూడగోరు తాతగారికిని, బిల్లులు చెల్లించు గృహిణికిని అది చాలును. వారి విషయమున అది కంప్యూటరు స్థానమును ఆక్రమించినదని నిస్సందేహముగ చెప్పవచ్చును.

విద్యార్థి సంగతి వేరు. అతడు వ్యాసము వ్రాయవలయును, లెక్కల పట్టిక కట్టవలయును, ప్రోగ్రాము రచింపవలయును. టాబ్లెట్టు తెరపై అక్షరములు తేలగనే సగము పుట మరుగగును; పది వ్రేళ్ల పని రెండు వ్రేళ్లపై పడును. మఱియు తెలంగాణమున ఎంసెట్టు, అనగా నేటి ఎప్‌సెట్టు పరీక్ష, 2018 నుండి కంప్యూటరుపైననే జరుగుచున్నది. మౌసు నెన్నడును పట్టని బాలుడు ఆ దినమున తడబడినచో, తెలిసిన జవాబును పోగొట్టుకొనునేమో యోచింపుడు.

టాబ్లెట్టునకు కీబోర్డు తగిలించిన చాలదా యని కొంద రందురు. తగిలింపవచ్చును, కాని వెలయు పెరుగును. అంతేకాదు, మీటలు లేక వ్రాత సాగదని ఆ మాటయే యొప్పుకొనుచున్నది.

టాబ్లెట్టనగా పలకయే. మన పెద్దలు పలకపై వ్రాసిరి, చెరిపిరి, మరల వ్రాసిరి. నేటి పలకపై బిడ్డలు చూచుటయే యెక్కువ, వ్రాయుట తక్కువ. పేరు నిలిచినది గాని పని మారినది.

కావున తలిదండ్రులకు నా మనవి యిది: ఉన్నత పాఠశాలలో చదువు బిడ్డకు ఒక్కటే కొనగలిగినచో, ఒకరు వాడి విడిచినదైనను సరే, కంప్యూటరునే కొనుడు. అదియు కొనలేనివారి బిడ్డలకై పాఠశాలలవారు సాయంకాలమున ఒక గంట తమ కంప్యూటరు గదిని తెరచి యుంచుట ధర్మము. తలాంతుల ఉపమానము మన మెరిగినదే. పుచ్చుకొన్నదానిని దాచియుంచిన దాసుడు మెప్పు పొందలేదు. దానిని వృద్ధిచేసినవాడే పొందెను. విద్యయు నట్టిదే.