మూడవ పూత



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న మా సంఘపు యువకుడొకడు తన ఫోనులో కొన్ని ఫోటోలు చూపించాడు. అమెరికాలోని శాన్ డియాగో నగరములో బొమ్మల కథలను, అంతరిక్ష కథలను ఇష్టపడేవారు ఏటా లక్షమందికి పైగా కూడుకుంటారు. కామిక్ కాన్ అను ఈ కూడిక 1970లో మొదలైనది. 2013లో మన హైదరాబాదులోను అటువంటిది జరిగినది. శాన్ డియాగోలో లెగో అను ఆటవస్తువుల కంపెనీవారు చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన నిలువెత్తు వీరులను తమ స్టాలులో నిలబెట్టారు. అగ్గిపెట్టెకంటె చిన్న ముక్కలు, వాటితో ఆరడుగుల మనిషి!

మా చుట్టూ మూగిన సండే స్కూలు పిల్లలలో ఒకడు, "అయ్యగారూ, గాలొస్తే పడిపోదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న మా మనసులో నిలిచిపోయినది. ఈ నెల మీతో చెప్పదలచినది దాని గురించే.

పడదు. ప్రదర్శనకు కట్టే పెద్ద బొమ్మలలో ముక్కలను జిగురుతో అతికిస్తారు. మరీ పెద్దవాటికి లోపల ఉక్కు చట్రము పెడతారు. 2013 మే నెలలో న్యూయార్కులోని టైమ్స్ స్క్వేర్‌లో, స్టార్ వార్స్ సినిమాలోని ఒక యుద్ధ విమానమును ఈ కంపెనీవారు నిజమైన విమానమంత కొలతతో నిలబెట్టారు. 53 లక్షలకు పైగా ఇటుకలు పట్టినవి. చెక్ దేశములో 32 మంది నాలుగు నెలలు కట్టారు. ఒక రెక్క కొన నుండి రెండవ రెక్క కొన వరకు 44 అడుగులు. వచ్చినవారందరు ఇటుకలనే చూచారు. ఆ బరువును మోసినది వారికి కనబడని ఉక్కు.

ఈ కంపెనీని స్థాపించినవాడు డెన్మార్కు దేశములో బిల్లుండ్ అను చిన్న ఊరి వడ్రంగి. పేరు ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్. భక్తిగల లూథరన్ విశ్వాసి. 1924లో ఆయన కుమారులిద్దరు పొరపాటున అంటించిన నిప్పుతో వడ్రంగి దుకాణము, ఇల్లు కాలిపోయినవి. మరల కట్టుకున్నాడు. 1932లో భార్య మరణించింది. నలుగురు మగపిల్లలు. అప్పుడు లోకమంతట కరువు రోజులు. రైతుల దగ్గర డబ్బు లేదు, ఇల్లు కట్టించేవాడు లేడు. ఆ సంవత్సరమే ఆయన నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలతో పాటు చెక్క బొమ్మలు చేయసాగాడు. తరువాత ఆ బొమ్మలకు లెగో అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అను రెండు మాటలను కలిపి చేసిన పేరది.

ఆయన కుమారుడు గాట్‌ఫ్రెడ్ చిన్నప్పటినుండే తండ్రితో పని చేసేవాడు. ఒకనాడు చెక్క బాతులను పెట్టెలలో సర్ది రైల్వే స్టేషనులో అప్పగించి వచ్చి, "నాన్నా, ఈ రోజు మనకు డబ్బు మిగిల్చాను" అని సంతోషముగా చెప్పాడు. ఎట్లని తండ్రి అడిగాడు. బాతులకు మామూలుగా మూడు పూతలు వార్నిష్ వేస్తారు. తాను రెండే వేశానన్నాడు. తండ్రి అరువలేదు, కొట్టలేదు. వెంటనే స్టేషనుకు పోయి ఆ పెట్టెలు తిరిగి తెమ్మన్నాడు. మూడవ పూత వేసి, మరల సర్ది, మరల అప్పగించి రమ్మన్నాడు. రాత్రంతా పట్టినా సరే, ఒక్కడివే చేయుమన్నాడు.

మూడవ పూత ఊరక రాదు. ఆ ఇంటిలో వార్నిష్ డబ్బా కూడ లెక్క పెట్టుకొని వాడే రోజులవి. అయినను తండ్రి అట్లే చేయించాడు.

ఆ గాట్‌ఫ్రెడే పెద్దవాడై కంపెనీని నడిపాడు. 1949లో వారు ప్లాస్టిక్ ఇటుకలు చేయుట మొదలుపెట్టారు. అటువంటి ఇటుకలను ఇంగ్లండులో హిల్లరీ పేజ్ అనువారు అంతకుముందే చేసియున్నారు. ఆ మొదటి ఇటుకలకు పైన బొడిపెలుండేవి, అడుగు భాగము వట్టి డొల్ల. ఒకదానిమీద ఒకటి పెడితే కూర్చునేవి గాని, గట్టిగా పట్టుకునేవి కావు. 1958 జనవరి 28న గాట్‌ఫ్రెడ్ కొత్త ఇటుకకు పేటెంటు కోరాడు. ఆ ఇటుక లోపల, అడుగున, గొట్టములున్నవి. కింది ఇటుక బొడిపెలు ఆ గొట్టముల నడుమ బిగుసుకుంటవి. పైనుండి చూస్తే పాత ఇటుకకు, కొత్త ఇటుకకు తేడా తెలియదు. పట్టు అంతా అడుగుననే ఉన్నది. 1958 నాటి ఇటుక నేటి ఇటుకకు కూడ అతుకుతుంది.

ఇది ఆ దేశమువారికే తెలిసిన సంగతి కాదు. మన కొండపల్లి బొమ్మ తీసుకోండి. తేలికైన పొణికి కర్రను చెక్కి, చేతులు కాళ్లు వేరుగా చేసి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దానిమీద సున్నము పూసి, ఆ తరువాతనే రంగులు వేస్తారు. మనము రంగు చూచి కొంటాము. బొమ్మ చేయి ఊడకుండ పట్టుకునేది మక్కు.

ఇక మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్ని సంవత్సరముల క్రితము క్రిస్మస్ నాటకమునకు మేము సంఘములో పశువుల పాక కట్టించాము. యౌవనస్థులు ముందువైపు గడ్డి పరచి, రంగు కాగితములు, దీపములు పెట్టి ఎంతో అందముగా చేశారు. సాయంత్రము బాయిలో టింబర్‌మన్‌గా పని చేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చి, పాక వెనుకకు పోయి, కర్రను చేతితో కదిపి చూచాడు.

"ఎనుక సూసిన్రా అయ్యగారూ? ముంగట మస్తుగున్నది గని, ఎనుక ఊగుతాంది."

"రెండు గంటల పనే గదా బాపూ, ఏమి కాదు" అన్నాము. మాకు ప్రసంగము సిద్ధపరచుకొను తొందర.

మరునాడు నాటకములో దేవదూత వేషము వేసిన చిన్నపాప పాక వెనుక బల్లమీద నిలబడి, నిద్ర వచ్చి, ఆ కర్రకే ఆనుకొన్నది. కింద పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని మరియ వేషములో ఇంకొక పాప. పాక కదలలేదు. చివర మేము రంగులు వేసినవారికి, దీపములు పెట్టినవారికి పేరుపేరున వందనములు చెప్పాము. పాక విప్పునప్పుడు గాని తెలియలేదు: వెనుక రెండు కొత్త వెదురు గడలు పాతి, తాడుతో బిగించి ఉన్నవి. ఆ రాత్రి అందరు పోయిన తరువాత ఆయన వచ్చి కట్టిపోయాడు.

సిగ్గుపడి ఆయన ఇంటికి పోయి, ఎందుకు చెప్పలేదని అడిగాము. ఆయన బాయి ముచ్చట చెప్పాడు. బొగ్గు తీసినచోట కప్పుకు కర్ర దుంగలు నిలబెట్టి ఆసరా ఇచ్చుట ఆయన పని. ఇప్పుడు చాలాచోట్ల కప్పులోనికి ఇనుప బోల్టులు బిగిస్తున్నారు గాని, ఆయన కాలములో ఎక్కువగా కర్రనే. కడ్డీతో కప్పును కొట్టి చూస్తే గట్టి బండ ఖంగుమంటుందట, ఊడిన బండ డొల్లగా పలుకుతుందట.

"నేను పెట్టిన దుంగ కింద నేను ఉండ అయ్యగారూ. షిఫ్టు అయినంక నేను పైకొస్త. నా ఎనుక వచ్చేటోడు దాని కింద కూసుండి టిఫిన్ గిన్నె ఇప్పుతడు. దుంగ పెట్టింది ఎవలో ఆనికి ఎరుక లేదు. ఆని పిల్లలు ఇంటికాడ ఎదురుసూస్తరు."

ప్రియులారా, పొదుపు పాపము కాదు. ఇరవయ్యో తారీఖుకే జీతము అయిపోయే ఇండ్లు, పంట చేతికి వచ్చువరకు అప్పుతో నడిచే ఇండ్లు మనవి. కాని మనము తినేదానిలో తగ్గించుకొనుట వేరు, ఎదుటివానికి కనబడనిచోట తగ్గించుట వేరు. పాలలో నీళ్లు, సంచి అడుగున తాలు గింజలు, బంధువుల ఇంటి గోడలో తక్కువ సిమెంటు, ఇవన్నియు రెండు పూతల బాతులే. బండమీద కట్టిన ఇల్లు, ఇసుకమీద కట్టిన ఇల్లు అను ప్రభువు ఉపమానములో, వాన వచ్చువరకు ఏ ఇల్లు ఏదో దారిన పోయేవారికి తెలిసియుండదు.

తలిదండ్రులకు మరియొక మాట. పిల్లవాడు పని సగము చేసి వస్తే మనము తిడతాము, లేక మిగిలినది మనమే చేసిపెడతాము. బడి రికార్డు బొమ్మలు తల్లి గీసి ఇస్తుంది, మార్కులు వస్తవి. ఆ వడ్రంగి ఈ రెండును చేయలేదు. పనిని తిరిగి వాని చేతిలోనే పెట్టాడు. పాస్టరు వచ్చునని తెలిసిన సాయంత్రమే బైబిలు అలమారు దిగే ఇండ్లను పిల్లలు చూస్తున్నారు. ఇది చెప్పుచున్న మేము కూడ మా ఇంటిలో దీనిని నేర్చుకొనుచునే యున్నాము.

ఖరీదైన ఇటుకల బొమ్మలు మీరు కొననక్కరలేదు. ఈ నెలలో ఒక దినము మీ పిల్లలను వెంటబెట్టుకొని, ఇంటిలో చుట్టములెవరికిని కనబడని పని ఒకటి ఎంచుకోండి. ఊగే మంచము కోడు గాని, చీకిన బావి తాడు గాని, పైన చుట్టిపెట్టిన కరెంటు వైరు గాని. వైరు పని తెలిసినవారిచేతనే చేయించండి. పిల్లలచేతనైన పని వారిచేతనే పూర్తిగా చేయించండి. ఎవరికిని చెప్పవద్దు.

మేము ఈ క్రిస్మస్‌కు పాక వెనుక కర్రలు ముందుగా పాతిస్తాము. ఆ పెద్దాయన వచ్చి కదిపి చూచిన తరువాతనే రంగు కాగితములు.

దేవుడు మీ కుటుంబములను దీవించును గాక.