పొదుపులో వికసించిన వాస్తుకళ

రాజాస్థానమను మాట వినగానే మనసునకు తట్టునది వైభవము. కవికి కనకాభిషేకము, పండితునకు అగ్రహారము, స్థపతికి అంతులేని ధనరాశి, ఇట్టివే కథలుగా వినవచ్చుచుండును. కాని పందొమ్మిదవ శతాబ్దపు ఆస్థాన స్థపతులలో అగ్రగణ్యుడుగా ఎన్నదగిన ఒకని జీవితము ఇందుకు విరుద్ధముగా నడచెను. ఆయన ప్రభువు పొదుపరి. ఆయన దేశము యుద్ధమున ఓడి అప్పులపాలైనది. చేతికి వచ్చిన సొమ్ము తరచుగా చాలీచాలనిది. అయినను జర్మనీలోని బెర్లిన్ నగరమునకు నేటికిని చెక్కుచెదరని కీర్తిని సంపాదించి పెట్టిన కట్టడములు పెక్కు ఆయనవే. ఆయన పేరు కార్ల్ ఫ్రెడరిక్ షింకెల్. ధనము కొరవడినచోట అందమును ఆశింపరాదను వాదమునకు ఆ జీవితమే సమాధానము.

1781 మార్చి 13న ప్రష్యా రాజ్యమునందలి నోయ్‌రుప్పిన్ అను చిన్న పట్టణమున, ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట షింకెల్ జన్మించెను. ఆయనకు ఆరేండ్ల ప్రాయమున, 1787లో, ఘోరమైన అగ్నిప్రమాదము సంభవించి ఊరిలో చాల భాగము భస్మమయ్యెను. మంటల నార్ప శ్రమించిన తండ్రి వ్యాధిగ్రస్తుడై ఆ సంవత్సరముననే కన్నుమూసెను. మతాచార్యుల వితంతువులకై ఏర్పడిన గృహమున తల్లి పిల్లలతో తలదాచుకొనెను. కాలిన ఊరు తిన్నని వీధులతో, వరుస తీరిన ఇండ్లతో మరల లేచుచుండగా చూచుచు ఆ బాలుడు పెరిగెను. కూలినచోటనే కట్టుకొనవలెనను పాఠము ఆయనకు పుస్తకములకంటె ముందే అబ్బినది.

1794లో ఆ కుటుంబము బెర్లిన్ చేరెను. మూడేండ్లకు అచ్చటి ప్రదర్శనమొకదానిలో, ఫ్రెడరిక్ మహారాజు స్మారక మందిరమునకై ఫ్రెడరిక్ గిల్లీ అను యువస్థపతి గీసిన చిత్రము షింకెల్ కంటబడినది. పదునారేండ్ల విద్యార్థి ఆ చిత్రము ముందు నిలిచి తన మార్గమును నిర్ణయించుకొనెను. మరుసటి యేడు పాఠశాలను విడిచి గిల్లీకిని ఆయన తండ్రికిని శిష్యుడయ్యెను. గురుశిష్యుల బంధము చిరకాలము నిలువలేదు. 1800లో, 28 ఏండ్లకే, గిల్లీ క్షయవ్యాధికి బలియయ్యెను. గురువు వదలిన పనులను పూర్తిచేయుటతో షింకెల్ వృత్తిజీవితము ప్రారంభమైనది. 1803 మొదలు 1805 వరకు ఇటలీ మున్నగు దేశములు సంచరించి ప్రాచీన నిర్మాణములను చూచి, గీసి, తిరిగివచ్చెను.

ఆ విద్యను ప్రయోగించు అవకాశము మాత్రము రాలేదు. 1806లో నెపోలియన్ ప్రష్యాను ఓడించి బెర్లిన్ ప్రవేశించెను. ఖజానా వట్టిపోయినది. నిర్మాణములు నిలిచిపోయినవి. కట్టించువారే లేని దేశమున స్థపతి చేయునదేమి? షింకెల్ కుంచె పట్టెను. దూరదేశముల నగరములను, పర్వతములను, దేవాలయములను విశాలమైన తెరలపై చిత్రించి దీపకాంతిలో ప్రజలకు చూపెను. 1812లో జరిగిన మాస్కో దహనము గూడ ఆయన చిత్రములలో నొకటి. రాజదంపతులు ఆ ప్రదర్శనములను చూచి మెచ్చిరి. 1810లో విల్హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ సిఫారసుపై ప్రభుత్వ నిర్మాణ శాఖలో ఆయనకు ఉద్యోగము లభించెను.

రాజుగారి స్థపతియన్న పేరు ఘనమైనదే గాని పని మాత్రము కచేరీ పని. 500 టాలర్ల వ్యయమునకు మించిన ప్రతి ప్రభుత్వ కట్టడపు నమూనాయు ఆ శాఖ పరిశీలనకు రావలసియుండెను. దస్త్రముల నడుమ కూర్చుండి, ఇతరులు గీసిన గీతలను సవరించుచు, దేశమంతటను కట్టడముల స్థాయిని పెంచుట ఆయన దినచర్య. కళాకారుని ఉద్యోగము మింగివేయుననుట లోకోక్తివంటి మాట. షింకెల్ విషయమున ఉద్యోగమే కళకు విశాలమైన రంగస్థలమయ్యెను.

1813లో నెపోలియన్‌పై విమోచన సంగ్రామము మొదలైనప్పుడు, రాజైన మూడవ ఫ్రెడరిక్ విలియం ఊహించిన శౌర్యపతకమునకు రూపము దిద్దినది షింకెలే. దానిని బంగారముతో గాక పోత ఇనుముతో చేసి వెండి అంచు కట్టిరి. ప్రజలు బంగారు నగలను యుద్ధనిధికిచ్చి ఇనుప నగలను ధరించిన దినములవి. లేమిని దాచుటకు మారుగా దానినే గౌరవచిహ్నముగ మార్చుట ఆయన చేసిన పని. 1817లో రాజనాటకశాల కాలిపోయినప్పుడును ఇట్లే జరిగినది. నిలిచియున్న గోడలను, స్తంభములను వృథాచేయక కొత్త కట్టడమున వాడుకొనవలెనని ఆజ్ఞ వచ్చెను. మంటలలో మిగిలిన ఆరు స్తంభములనే షింకెల్ కొత్త నాటకశాలకు ముఖమండపముగ నిలిపెను. 1821లో తెరచిన ఆ భవనమును చూచువారికి అందలి ఏ భాగము పాతదో, ఏది కొత్తదో తోచదు.

అయితే పొదుపు వేరు, లోభము వేరు. ఈ భేదము ఎరుగుటలోనే షింకెల్ గొప్పతనమున్నది. రాజకుటుంబపు కళాసంపదను ప్రజలకు చూపుటకు మ్యూజియము తలపెట్టినప్పుడు, ఆయన రాజభవనమునకు ఎదుట, కాలువను పూడ్చి, బురదనేలలో మూడువేలకు పైగా మ్రాకులను దిగగొట్టి పునాది వేయు పథకమును సమర్పించెను. ముందు 18 స్తంభముల బారు, లోపల రోము నగరపు పాంథియన్‌ను తలపించు గుండ్రని మందిరము అందలి ప్రధానాంగములు. కళావస్తువుల నుంచుటకు గదులు చాలవా, ఈ స్తంభములు, ఈ గోపురము దండుగ గదాయని పండితుడైన అలోయిస్ హిర్ట్ ఆక్షేపించెను. పాత స్తంభములను సంతోషముతో వాడుకొన్న షింకెల్ ఈసారి వెనుదీయలేదు. తన నమూనా ఒక సమగ్ర రూపమనియు, ఒక అంగమును తీసినచో మొత్తము వికృతమగుననియు వాదించి గెలిచెను. 1830 ఆగస్టు 3న, రాజు అరువదవ జన్మదినమున, ఆ మ్యూజియము తలుపులు తెరచిరి. రాజభవనము ఎదుట విద్యాభవనము సమానస్థాయిలో నిలిచినది. చూడవచ్చినవారికి ముందు ఆనందము కలుగవలెననియు, పిదపనే బోధ జరుగవలెననియు షింకెల్, కళాచరిత్రకారుడైన వాగెన్ ఆ మ్యూజియము విషయమున ప్రతిపాదించిరి. ప్రతి తరగతి గదిలోను తలచుకొనదగిన సూత్రమిది.

బోధయందు ఆయనకు గల ఆసక్తి మాటలతో ఆగలేదు. మిత్రుడైన బాయ్ట్‌తో కలిసి 1821 మొదలు 1837 వరకు చేతిపనివారికి, వస్తువులు తయారుచేయువారికి ఉపకరించు నమూనా చిత్రముల సంపుటములను వెలువరించెను. వానిని అంగడిలో అమ్మక పాఠశాలలకు, పనివారికి ఉచితముగ పంచిరి. 1826లో ఆ మిత్రులిరువురు ఇంగ్లండు వెళ్లి మాంచెస్టరు మిల్లులను చూచిరి. ఏ సొగసును లేని ఆ బ్రహ్మాండమైన ఇటుక గోడలు షింకెల్‌కు రుచింపలేదు. అదే ఇటుకతో అందమును సాధింపవచ్చునని నిరూపించు అవకాశము ఆయనకు 1832లో లభించెను. బెర్లిన్ వాస్తువిద్యాలయమునకు నాలుగు ముఖములును సమానమైన ఎఱ్ఱ ఇటుకల భవనమును, సున్నపు పూత లేకుండ, 1836 నాటికి నిర్మించెను. వాస్తువిద్య చరిత్రను చెప్పు కాల్చిన మట్టి ఫలకములను గోడలలో పొదిగించెను. అద్దె వచ్చుటకై క్రింది అంతస్తున అంగళ్లు, నడుమ పాఠశాల, పైన కచేరీయు తన నివాసమును ఏర్పరచెను. మట్టికంటె చవుకైన వస్తువేమున్నది? ఆ మట్టియే అచ్చట ఆచార్యత్వము వహించినది.

ఇంత మాత్రమున లేమిని పొగడుట తగదు. రాజు వ్యయమును తగ్గించుటచేత 1832-35 నడుమ బెర్లిన్ శివారులలో కట్టిన నాలుగు చర్చిలకు శిఖరములు లేకపోయెను. గ్రీసు రాజునకై ఏథెన్సు కొండపైనను, రష్యా రాణికై క్రిమియా తీరమునను ఊహించిన సౌధములు కాగితముపైననే మిగిలిపోయెను. 1838లో అత్యున్నత పదవి లభించునప్పటికే పనిభారము ఆయనను క్రుంగదీసినది. 1840లో పక్షవాతము వచ్చి, సంవత్సరమునకు పైగా మంచము పట్టి, 1841 అక్టోబరు 9న, ఆ విద్యాలయ భవనముననే షింకెల్ కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు అరువది యేండ్లు.

1945 నాటి యుద్ధమున మ్యూజియము, నాటకశాల, విద్యాలయము దెబ్బతినెను. మ్యూజియము 1966లోను, నాటకశాల సంగీతశాలగ 1984లోను మరల తెరువబడెను. ఆయనకు నివాసమైన విద్యాలయమునకు ఆ భాగ్యము లేకపోయెను. మరమ్మతు మొదలైనను, 1962లో తూర్పు జర్మనీ ప్రభుత్వము దానిని నేలమట్టము చేసి అచ్చట విదేశాంగ శాఖకు భవనము కట్టెను. ఆ భవనమును 1990 తరువాత కూల్చివేసిరి. పిమ్మట, శిక్షణ పొందుచున్న యువకులైన తాపీపనివారు పాత విద్యాలయపు మూలనొకదానిని ఇటుక మీద ఇటుక పేర్చి తిరిగి నిలిపిరి. భవనమంతటిని పునర్నిర్మించుటకు 2016లో జర్మనీ పార్లమెంటు 6 కోట్ల 20 లక్షల యూరోలను మంజూరు చేసెను.

కోట్ల యూరోల మంజూరు గొప్పదే. దానికంటె గొప్పది విద్యార్థుల చేతులతో లేచిన ఆ మూల. బడి కట్టునప్పుడు సొమ్ము చాలదని నిట్టూర్చు పెద్దలును, పరికరములు లేవని పాఠమును ముగించు ఉపాధ్యాయులును, సాధనములు లేవని పని మానుకొను విద్యార్థులును షింకెల్ జీవితమును ఒకమారు తలచుకొందురు గాక. లేనిదానికై పోరాడవలసినదే. ఉన్నదానిని అందముగ వాడుటకు మాత్రము ఎవరి మంజూరును అక్కరలేదు.