కంప్యూటరుకూ ఆది కావాలి

జనగామ నుంచి ఒక సోదరి వ్రాశారు: “ఇంటి దగ్గర రవికలు కుట్టి నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నాను. ఇప్పుడు కంప్యూటరులోనే మనిషి బొమ్మకు బట్టలు తొడిగి చూసి, కత్తిరింపు నిర్ణయిస్తున్నారట. ఇక నా కత్తెరకు పని ఉంటుందా?”

ఉంటుందమ్మా. ఆ యంత్రం చేసే పనేమిటో తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

మీ దగ్గరకు వచ్చేవారు ఆది రవిక తెస్తారు కదా! కంప్యూటరులోని బొమ్మ కూడా అటువంటి ఆదే. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి కొలతలు ఇస్తే తెరమీద నిలువెత్తు మనిషి తయారవుతుంది. ముందుభాగం, వెనుకభాగం, చేతులు విడివిడిగా గీసి, బట్ట బరువెంతో, ఎంత సాగుతుందో చెబితే, ఆ ముక్కలు తెరమీదనే కలిసి బొమ్మ ఒంటికి అమరుతాయి. బిగిసినచోట ఎర్రగా కనిపిస్తుంది. చంక దగ్గర అర అంగుళం వదులు చేస్తే తేడా అప్పుడే తెలుస్తుంది. వేలకొద్దీ చొక్కాలు కుట్టే కర్మాగారానికి నమూనాలకయ్యే బట్టా, రోజులూ కలిసివస్తాయి.

చిక్కంతా ఆదిలోనే ఉంది. ఆ బొమ్మ ఎవరి ఒళ్లు? అమెరికాలో 1939-40లో సుమారు 15 వేలమంది స్త్రీలను కొలిచి, 1941లో లెక్కలు ప్రకటించారు. తరువాత ఆ దేశపు రెడీమేడ్ సైజులకు అవే ఆధారమయ్యాయి. కాని తెల్లజాతివారి కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు. మిగతా స్త్రీలు ఆ సైజుల్లోనే ఇమడవలసివచ్చింది.

మన దేశానికి సొంత పట్టిక ఉండాలని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ ‘ఇండియాసైజ్’ సర్వే చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్లలోపు 25 వేలమందిని ఆరు నగరాలలో యంత్రాలతో కొలవాలని సంకల్పం. వాటిలో హైదరాబాదు ఒకటి. మంచిపనే. కాని నగరంలో తీసిన కొలతలు మహబూబాబాదు మిరపచేలో వంగి కాయలు కోసే తల్లికీ, భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే కార్మికుడికీ సరిపోతాయా? ఇద్దరు స్త్రీలకు ఛాతీ 36 అంగుళాలే కావచ్చు. ఒకరి వీపు వంగి ఉంటుంది, ఒకరి భుజాలు జారి ఉంటాయి. వీపు వంగినవారికి వెనుకభాగం కాస్త పొడుగు వదలాలని మీ చేతికి తెలుసు. బొమ్మకు ఎవరో చెబితేగాని తెలియదు.

ఇది దూరపు సంగతి కూడా కాదు. వరంగల్లు దగ్గర గీసుకొండ, సంగెం మండలాలలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. మీ చుట్టుపట్ల జిల్లాల ఆడపిల్లలు కర్మాగారాలకు వెళ్లినప్పుడు కుట్టుమిషను ముందే కూర్చోవాలా, నమూనా గీసే చోట కూడా కూర్చోవాలా? ఆలోచించవలసింది అదే.

అందుచేత మీరొక పని చేయండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పేర్లు అక్కరలేదు. వయసు, చేసే పని, కొలతలు, మొదటిసారి తొడుక్కున్నాక ఎక్కడ విప్పి సరిచేశారో వ్రాసి ఉంచండి. వీలైతే కంప్యూటరు కత్తిరింపు నేర్పేచోట చేరండి. చేరిన రోజున ఆ పుస్తకం వెంట తీసుకువెళ్లడం మరువకండి.